ఇరవై ఏడో బిళ్ల

కోలారు గనుల దగ్గర జరిగిన స్వస్థత సభలకు వెళ్లి వచ్చి పదహారు రోజులైంది. సభలెలా జరిగాయని మన స్త్రీల సమాజంలో అడిగిన ప్రతివారితో బాగా జరిగాయనే చెప్పాను. పాటలు బాగున్నాయి, జనం బాగా వచ్చారు, వాక్యం బలంగా ఉంది. ఇందులో ఏదీ అబద్ధం కాదు. కానీ చెప్పవలసింది చెప్పలేదని నాకు తెలుసు. కావలి నుంచి అంత దూరం మీరెవరూ వెళ్లి ఉండరు కాబట్టి, ఆ నాలుగు రోజులూ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేనెందుకు వెళ్లానో మీకు తెలుసు. రెండేళ్లుగా నా కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. జడ నా కోడలే వేస్తుంది. ఆ సభలు జరిపే దైవజనుడు చేతులుంచి ప్రార్థిస్తే నడవలేనివాళ్లు నడిచారని విన్నాను, నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. మన పాస్టరుగారు ఉత్తరం రాసిచ్చారు. దాని వల్ల నాకు ముందు వరుసలో కుర్చీ, సభ ముగిశాక అతిథుల గుడారంలో ప్రత్యేక ప్రార్థన దొరికాయి. మెడలో వేసుకోవడానికి నీలం కార్డు ముందే పోస్టులో వచ్చింది. దాన్ని చూసుకుని కాస్త మురిసిపోయిన మాట కూడా దాచను.

బంగారపేట

గనుల ఊరికి పోయే చిన్న రైలు బంగారపేటలో ఎక్కాలి. దానికి ఇంకా గంట ఉందంటే స్టేషను బయట పానీపూరి బండి దగ్గర నిలబడ్డాను. మన దగ్గర పానీపూరి నీళ్లు పచ్చగా, మురికిగా కనబడతాయి కదా. ఇక్కడ అవి తాగే నీళ్లంత తెల్లగా ఉంటాయి. వాటిలో ఏముంటుందిలే అనుకుని ఒక పూరి నోట్లో వేసుకున్నాను. కళ్లలోంచి నీళ్లు కారాయి.

బండి ఆయన నవ్వాడు. "ఏమ్మా, కారమా? అందురూ ఇట్లే మోసపోతారు. సభకేనా పోతాండేది?"

అవునన్నాను. నా కార్డు చూశాడు.

"నీలం కార్డా! అట్లయితే నీకు బాధ లేదులే. పోయినేడు మా అక్కను పిలుచుకొని పోయినాను. కాలు పడిపోయి ఉండాది ఆమెకు. తాడు ఇవతలే కూర్చోబెట్టినారు. పొద్దు గుంకిందాకా కూర్చున్నాము. దేవుడు తాడుకు అవతల ఉండాడంటమ్మా."

"దేవుడికి తాడేమిటయ్యా, విశ్వాసం ఉండాలి" అన్నాను.

"మా అక్కకు అది శానా ఉండాదమ్మా. లేంది కార్డే" అని ఇంకో పూరి చేతిలో పెట్టాడు. ఇరవై రూపాయలిచ్చి వచ్చేశాను. దేవుని పని మీద వెళుతున్నవాళ్లతో హేళనగా మాట్లాడాడని రైల్లో కూర్చున్నంతసేపూ మనసులో విసుక్కున్నాను.

లైన్లలో

మన సుగుణమ్మ ఆడబిడ్డ రత్నమ్మ ఇంట్లో దిగాను. గని కార్మికుల కోసం ఒకప్పుడు వరసగా కట్టిన ఇళ్లు అవి. వాటిని లైన్లు అంటారు. ఒక గది, వెనక చిన్న వంటిల్లు, మనిషి వంగి దూరాల్సిన తలుపు. వీధి చివర గనిలోంచి తీసి పోసిన బూడిదరంగు దిబ్బ కొండంత ఉంది. గాలి వీస్తే దాని మీది పొడి లేచి ఆరేసిన బట్టల మీద పడుతుంది. గనులు మూతపడి ఎన్నో ఏళ్లైనా ఆ దిబ్బ కరగలేదు. వయసు పిల్లలందరూ తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పనులకు పోతారు. పగటిపూట లైన్లలో ముసలివాళ్లే కనబడ్డారు.

రత్నమ్మ భర్త దాసప్పకు డెబ్బై దాటాయి. భూమి లోపల రాతికి రంధ్రాలు వేసే పని ఆయనది. ముప్పై ఏళ్లు పీల్చిన రాతిపొడి ఊపిరితిత్తుల్లో గట్టిపడింది. రెండు మాటలు మాట్లాడితే మూడోది దగ్గు. అంటుకునే జబ్బు కాదని డాక్టర్లు చెప్పారట. కానీ ఆ దగ్గు వింటే ఎవరైనా పక్కకు జరుగుతారు. నేనూ జరిగాను.

గుమ్మం పక్కన ఒక చెక్క, దానికి ఐదు మేకులు ఉన్నాయి. నాలుగింటికి చిల్లు పెట్టిన సోడా మూతలు వేలాడుతున్నాయి, ఒకటి ఖాళీ. నేను దాన్ని చూస్తుంటే దాసప్ప చెప్పాడు.

"గనిలో దిగేటప్పుడు నెంబరు బిళ్ల తీసుకోని దిగుతాము. పైకి వస్తానే టైమాఫీసు కిటికీలో ఇచ్చేయల్ల. షిఫ్టు అయినాక ఒక్క బిళ్ల తక్కువ ఉండాదంటే, ఎవుడో లోపలే ఉండాడని లెక్క. ఎదికేదానికి మనుషులు దిగుతారు. ఇంటికాడా అదే నాకు. బయటికి పోయేవాళ్లు మూత తీసుకోని పోతారు, వస్తే తగిలిస్తారు. ఊరు విడిచి పోయిన పెద్దోళ్లిద్దరూ వాళ్లవి తగిలించే పోయినారు. ఆ ఖాళీది మా చిన్నోడిది, బెంగుళూరు పోయినాడు, రాత్రి ఎనిమిదికి వస్తాడు."

రత్నమ్మ వంటింట్లోంచి అంది: "ఈయప్పకు పిచ్చిలేమ్మా. ఒకసారి మా అక్క ఇంటికి పోయి మూత తగిలించేది మరిచినాను. పొయ్యికాడ నిలబడి వండుతాండాను, ఈయప్ప వీధంతా 'రత్నా యాడికి పోయినాదో' అని ఎదుకుతాండాడు!"

"నీ మూత మేకుకు లేదు కదా. మనిషిని నమ్మేదెట్ల?" అన్నాడు దాసప్ప. నవ్వబోయి దగ్గాడు.

ఆ సాయంత్రమే ఆరో మేకు కొట్టి నాకూ ఒక మూత తగిలించాడు.

రాత్రి భోజనం రాగి ముద్ద, ఉలవల చారు. అన్నం తినే అలవాటుతో నమలబోతే పళ్లకు అతుక్కుంది. "నమలగూడదమ్మా, చారులో అద్ది మింగల్ల" అని రత్నమ్మ చూపించింది. మింగడం వచ్చేసరికి ముద్ద అయిపోయింది.

రేపు సభకు మీరూ వస్తారు కదా అని అడిగాను. దాసప్ప పళ్లెం పక్కకు జరిపాడు. రత్నమ్మే చెప్పింది. వేదిక మీదికి పిలిచేది నలభై మందినే. అందుకు టోకెన్లిస్తారు. టోకెనుకు పాస్టరు ఉత్తరం కావాలి. దాసప్ప నాలుగేళ్లుగా ప్రభు బల్లలో పాలుపొందలేదు కాబట్టి ఉత్తరం ఇవ్వలేమని వాళ్ల గుడివాళ్లు చెప్పారు.

"ఎందుకు పాలుపొందలేదు?" అన్నాను. నా గొంతులో బోధకురాలి స్వరం నాకే వినబడింది.

"ద్రాక్షరసం గిన్నె అందురికీ ఒకటే కదమ్మా" అన్నాడు దాసప్ప. "నేను తాగినాక వెనకున్నోళ్లు మూతి ముడుస్తాండిరి. సరేలే, కడాన తాగుదామని వెనక్కి పోయినాను. ప్రసంగంలో దగ్గు అడ్డమొస్తాదని వాకిటి కాడికి పోయినాను. ఇంగ వాకిట్లోంచి గోడ అవతలికి పోయినాను. ఎవురూ పొమ్మనలేదమ్మా. గోడ అవతల కూర్చోని పాట వింటాను, బాగానే ఉంటాది."

బండి ఆయన మాట అప్పుడు గుర్తొచ్చింది. మన సమాజం ముద్ర ఉన్న కాగితం సంచిలో ఉంటే తీసి, ఈయన విశ్వాసి అని, నేను ఎరిగిన మనిషి అని రాసి సంతకం చేశాను. ఎరిగింది ఒక్క పూటే. అయినా రాసినందుకు నా మనస్సాక్షి నన్నేమీ అనలేదు.

మైదానం

మర్నాడు పొద్దున ఆ కాగితంతో దాసప్పకు టోకెను దొరికింది. గుండ్రటి ఎర్రటి ప్లాస్టిక్ బిళ్ల, మీద ఇరవై ఏడు. ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పితిప్పి చూశాడు.

"శానా ఏండ్లయింది బిళ్ల పట్టి" అన్నాడు. చొక్కా జేబులో వేసుకుని పైన చెయ్యి పెట్టుకున్నాడు.

మైదానం నిండిపోయింది. మన సభల్లో చాపల మీద ఆడవాళ్లొక పక్క, మగవాళ్లొక పక్క కూర్చుంటాం కదా, ఇక్కడ కార్డు రంగును బట్టి కూర్చోవాలి. నీలం కార్డులకు బట్ట చుట్టిన కుర్చీలు, వాటి వెనక ఎర్ర బిళ్లల వాళ్లకు బెంచీలు, తర్వాత తాడు, తాడు అవతల నేల. పాట తమిళంలో మొదలై తెలుగులోకి, అక్కడినుంచి కన్నడంలోకి పోయింది. ఒక్కరూ తడబడలేదు. ఆ పాటలో నా ఒళ్లు పులకరించింది. ప్రభువు అక్కడ ఉన్నాడు. ఆ సంగతిలో నాకు అప్పుడూ సందేహం లేదు, ఇప్పుడూ లేదు.

దాసప్పను బెంచీ చివర కూర్చోబెట్టి రత్నమ్మ తాడు అవతలికి వెళ్లింది. ఆమెకు బిళ్ల లేదు. నేను నా కుర్చీలోకి వెళ్లాను. ప్రతి రెండు నిమిషాలకూ తల తిప్పి చూశాను. ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకుని దగ్గును మింగుతున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

సాయంత్రం నాలుగింటికి నంబర్లు పిలవడం మొదలైంది. ఒకటి. రెండు. ఒక్కొక్కరి దగ్గర దైవజనుడు చాలాసేపు నిలబడ్డాడు, తొందరపడలేదు. పద్నాలుగో నంబరు మనిషి ఏడుస్తూ దిగింది. పంతొమ్మిది. నేను తల తిప్పాను. బెంచీ చివర దాసప్ప లేడు.

ఇరవై ఒకటి. ఇరవై రెండు. కార్డు పట్టుకుని నిలబడ్డాను. వెనకావిడ కూర్చోమని చీర కొంగు లాగింది. ఇరవై ఐదు. జనంలో ఆయన తెల్లటి తల కోసం వెతికాను. ఇరవై ఆరు.

"ఇరవై ఏడు" అన్నారు మైకులో.

ఇద్దరు మనుషులు కుర్చీతో సహా మోసుకొచ్చింది ఒక పెద్దావిడను. బజారులో బట్టల దుకాణం ఉన్నవాళ్ల తల్లి అని పక్కన ఎవరో అన్నారు. నోరు వంకర పోయింది, చెయ్యి ఒళ్లో చచ్చి పడి ఉంది. ఆమె ఒళ్లో ఎర్ర బిళ్ల.

ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమె అవసరం కూడా అవసరమే. నేను గేటు వైపు పరుగెత్తాను.

గేటు దగ్గర

దాసప్ప గేటు బయట ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు. తువ్వాలు తడిసిపోయింది. రత్నమ్మ వీపు రాస్తూ గేటు దగ్గరున్న మనిషిని తిడుతోంది. చేతికి పచ్చ రిబ్బను కట్టుకున్న సెల్వరాజు అనే వాలంటీరు అతను. ముప్పై ఐదేళ్లుంటాయి.

"దగ్గు జాస్తి అయింది, బయట దగ్గేసి రమ్మన్నాము అంతే" అన్నాడు నాతో. "బిళ్ల నేను లాక్కోలేదక్కా. గేటు కాడికి వస్తానే ఆయనే జేబులోంచి తీసి నా చేతిలో పెట్టినాడు. ఇంగ వద్దేమో, ఇంటికి పోతాడేమో అనుకున్నాను. ఆఫీసులో ఇచ్చేస్తిని. వాళ్లు వేరే వాళ్లకిచ్చినారు."

"ఎందుకిచ్చారు దాసప్పా?" అన్నాను.

ఆయన ఊపిరి అందుకోవడానికి చాలాసేపు పట్టింది. "బయటికొస్తిని కదమ్మా" అన్నాడు. "బయటికొచ్చినోడు బిళ్ల ఇచ్చేయల్ల. ఇయ్యకపోతే లోపలుండానని ఎదుకుతారు. చెయ్యి దానంతట అదే ఇచ్చేసినాది."

సెల్వరాజు ముఖం మారిపోయింది. "మా నాయనా గనిలోనే చేసినాడక్కా" అన్నాడు మెల్లగా. "నాకు తట్టలేదు."

"ఇప్పుడు తట్టింది కదప్పా, లోపలికి పంపు!" అంది రత్నమ్మ.

"నలభై బిళ్లలూ అయిపోయినాయమ్మా. బిళ్ల లేకుండా పంపితే నన్ను తీసేస్తారు."

నా మెడలోని కార్డు తీసి ఇచ్చాను. "నా బదులు ఈయన్ని గుడారంలోకి పంపు."

అతను కార్డు తిప్పి చూపించాడు. నా పేరు, నా ఫోటో. "ఈ దగ్గుతో గుడారంలోకి అసలే వద్దంటారక్కా. నువ్వే పోయి ప్రార్థన చేసే అయ్యవారిని అడుగు. నీ మాట వింటారు, కార్డుండాది."

గుడారంలో

సభ ముగిశాక వెళ్లేసరికి గుడారంలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. గాజు కప్పుల్లో బాదం పాలు ఇచ్చారు. నేను తాగలేదు. దైవజనుడు వచ్చేసరికి చొక్కా చెమటతో ఒంటికి అంటుకుని ఉంది. మనిషి చాలా అలసిపోయాడు. నా వంతు రాగానే నా చెయ్యి సంగతి చెప్పలేదు. గేటు బయట ఒక గని కార్మికుడున్నాడని, అరవై అడుగులు నడిస్తే చాలని చెప్పాను.

"ఇక్కడికి తీసుకురండమ్మా."

"రానివ్వరయ్యా."

పక్కనున్న మనుషుల వైపు చూశాడు. వాళ్లు చేతి గడియారం చూపించారు. గేటు దగ్గరికి వెళితే జనం మీద పడతారని, తొక్కిసలాట అవుతుందని ఒకతను అన్నాడు. అదీ నిజమే కావచ్చు. దైవజనుడు నా చేతిలోని రుమాలు అడిగి తీసుకున్నాడు. కళ్లు మూసుకుని, నిజంగా కన్నీళ్లతో దాని మీద ప్రార్థించి తిరిగి ఇచ్చాడు. అపొస్తలుల కాలంలో అలాంటి గుడ్డలతో రోగులు బాగుపడ్డారని మీకు తెలుసు. ఆ రుమాలును రెండు చేతులా పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాను.

దాసప్ప దాన్ని చూశాడు, తీసుకోలేదు.

"లోపల చిక్కుకున్నోనికి గుడ్డ పంపరమ్మా" అన్నాడు. "మనిషి దిగుతాడు."

రుమాలు మడిచి చేతిలోనే పెట్టుకున్నాను.

"అయ్యవారికి కుదరలేదు, సరే. నువ్వు ముప్పై ఏండ్లు వాక్యం చెప్పినావని రత్న చెప్పినాది. నీకు చేతులుండాయి కదా. పెట్టు."

అది పెద్దల పని. రోగి సంఘ పెద్దలను పిలిపించుకోవాలి, వాళ్లు నూనె రాసి ప్రార్థించాలి. ఆ వాక్యం మీకందరికీ నేర్పింది నేనే. మన సంఘంలో స్త్రీ ఎవరి తల మీదా చెయ్యి పెట్టదు. ఆ మాటే ఆయనతో చెప్పాను. చెబుతూ ఒక అడుగు వెనక్కి వేశాను. ఆ అడుగు నియమం కోసం వేసింది కాదు. ఆయనకు మళ్లీ దగ్గు వచ్చింది, అందుకు వేశాను. ఆయన కళ్లు నా కాళ్ల మీద ఉన్నాయి.

"సరేలేమ్మా" అన్నాడు. గోడ అవతలికి ఆయన ఎలా చేరాడో నాకు అప్పుడు అర్థమైంది. ఎవరూ పొమ్మనలేదు. అందరూ నాలాగే ఒక్కొక్క అడుగు వేశారు.

దైవజనుడి కారు దుమ్ము లేపుకుంటూ మా పక్కనుంచే పోయింది.

బేతమంగళ

మూడో రోజు పొద్దున, ముళబాగిలు మీదుగా తిరుపతి బస్సు పట్టుకుందామని బయలుదేరాను. దాసప్ప పడుకుని ఉన్నాడు. లేపొద్దులెమ్మని రత్నమ్మతో అన్నాను. నిజానికి ఆయన ముఖం చూడలేక అన్నాను.

బేతమంగళలో బస్సు టీ కోసం ఆగింది. ఒకప్పుడు గనుల ఊరంతా ఈ చెరువు నీళ్లే తాగిందట. టీకొట్టు ముసలావిడతో ఆ మాటంటే చేయి తిప్పింది.

"ఊరంతా యాడమ్మా? దొరల బంగళాల్లో తోటలకు ముందర. లైన్లలో వరసకొక కొళాయి, దాని కాడ కొట్లాట. మా అక్కను ఆడికే ఇచ్చినారు. పుట్టింటి నీళ్లకు బిందె పట్టుకొని లైన్లో నిలబడుకుంటాండానే అని ఏడ్చేది. చిల్లర ఉంటే ఇయ్యి తల్లీ."

చిల్లర కోసం సంచిలో చెయ్యి పెట్టాను. చేతికి సోడా మూత తగిలింది.

పొద్దున బయటికి వస్తూ అలవాటైనట్టు మేకు నుంచి తీసి సంచిలో వేసుకున్నాను. రెండు రోజులకే నా చేతికి కూడా వాళ్ల పద్ధతి పట్టింది. రత్నమ్మకు ఫోను చేశాను.

"మూతా? ఉంచుకోలేమ్మా, సోడా మూతే కదా" అంది. ఆమె వెనక దగ్గు వినబడింది. దగ్గు మధ్యలో మాట. "ఆయమ్మ మేకు ఖాళీగా ఉండాది రత్నా. ఇంకా పైకి రాలేదు."

"ఊరికి పోయినాదప్పా ఆయమ్మ!" అని అరిచింది రత్నమ్మ.

"పోయేవాళ్లు బిళ్ల ఇచ్చి పోతారు. తలుపు వెయ్యొద్దు."

బస్సు హారను కొట్టింది. కండక్టరు పిలిచాడు. నేను నా సామాను దింపమన్నాను. టికెట్టు డబ్బు తిరిగి రాదని చెప్పాడు. ఎదురుగా గనుల వైపు పోయే బస్సు గంటకు గాని రాలేదు. ఆ గంటంతా చెరువు గట్టున నిలబడి ప్రార్థించాను. జవాబేమీ వినబడలేదు. బస్సు రాగానే ఎక్కాను.

ఆరో మేకు

తలుపు తీసే ఉంది. దాసప్ప గోడకానుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, చెక్క వైపు చూశాడు. నేను మూత తగిలించాను.

"రత్నమ్మా, కాస్త నూనె తెచ్చిపెట్టు" అన్నాను.

ఆమె చిన్న గిన్నెలో తలకు రాసుకునే కొబ్బరినూనె తెచ్చింది. నేను ఆయన ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాను. అంత దగ్గరగా ఆ ఊపిరి గులకరాళ్లు దొర్లినట్టు వినబడింది. కుడి చెయ్యి ఎత్తాను. భుజం దగ్గర ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా ఆయన తలను అందలేదు.

అది చూసి దాసప్ప తల వంచాడు.

నా నూనె చేతులు రెండూ ఆ తెల్లటి జుట్టు మీద పెట్టాను. ముప్పై ఏళ్లు నోటికొచ్చిన ప్రార్థనలు ఒక్కటీ రాలేదు. "ప్రభువా, ఈయన ఇంకా లోపలే ఉన్నాడు" అన్నాను. అంతవరకే అనగలిగాను. మధ్యలో ఆయనకు దగ్గు వచ్చింది. తల వెనక్కి లాక్కోబోయాడు. నేను చేతులు తియ్యలేదు.

ఆయన దగ్గు తగ్గిందని రాయాలని నాకెంతో ఉంది. తగ్గలేదు. నా చెయ్యి కూడా అలాగే ఉంది. ఇద్దరికీ అడుగుతూనే ఉన్నాను, ప్రభువు చిత్తమైతే ఇస్తాడు. మన సంఘ నియమాన్ని మీరానని పాస్టరుగారితో వచ్చిన రోజే ఒప్పుకున్నాను. వచ్చే కూటంలో పెద్దల ముందు నిలబడతాను. నన్ను వాక్యం చెప్పవద్దంటే చెప్పను. మీకు ఆ సంగతి ముందుగా నా ద్వారానే తెలియాలి.

నాలుగో రోజు బయలుదేరేటప్పుడు మూతను మేకు మీదే ఉంచాను. దాసప్ప గుమ్మం దాకా వచ్చాడు. నా ఖాళీ చేతులు చూశాడు, చెక్క వైపు చూశాడు. ఆరు మేకుల్లో చిన్నకొడుకుది ఒక్కటే ఖాళీ.

"సరే" అన్నాడు. "నువ్వు పైనుండావు. ఇంగ పో."